ఒకరి శ్రమ అందరి సొత్తు: డబ్లిన్ గ్రంథాలయ సహకార సంఘం చెప్పే పాఠం

ఏ సంఘానికైనా సభ్యులను చేర్చుకోవడం కన్న చేరినవారిని నిలుపుకోవడం కష్టం. మొదటి సంవత్సరం మిత్రుల మాట కాదనలేకనో, ఉత్సాహం కొద్దీనో చందా కట్టిన వ్యక్తి, రెండవ సంవత్సరం తిరిగి చందా కట్టే ముందు తనలో తాను రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. ఈ సంఘం వల్ల నాకు ఒనగూడినదేమిటి? నా వల్ల ఈ సంఘానికి ఒనగూడినదేమిటి? మొదటి ప్రశ్నకు సమాధానం చూపడానికి సంఘాలు చాలా శ్రమిస్తాయి. విందులు, వినోదాలు, ఉపన్యాసాలు, ప్రత్యేక సంచికలు అందుకే. రెండవ ప్రశ్న మాత్రం తరచుగా సమాధానం లేకుండానే మిగిలిపోతుంది. తన పని ఏదీ అవసరం లేని చోట మనిషి ఎంతోకాలం నిలవడు. ఇది వైద్యుల సంఘానికైనా, ఇంజనీర్ల సంఘానికైనా, భాషా సాంస్కృతిక సంఘానికైనా సమానంగా వర్తించే సత్యం.

ఈ రెండవ ప్రశ్నకు సాంకేతిక విజ్ఞానం సహాయంతో చక్కని సమాధానం కనుగొన్న సంస్థ ఒకటి డబ్లిన్ నగరంలో ఉన్నది. డబ్లిన్ అనగానే కొందరికి ఐర్లండు రాజధాని గుర్తుకు రావచ్చు. మరికొందరికి తెలుగు కుటుంబాలు అధికంగా నివసించే కాలిఫోర్నియాలోని డబ్లిన్ తోచవచ్చు. ఇక్కడ ప్రస్తావించేది అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరానికి ఆనుకొని, సయోటో నది ఒడ్డున ఉన్న డబ్లిన్. అక్కడ 1981 నుండి ప్రధాన కార్యాలయం కలిగి ఉన్న ఆ సంస్థ పేరు ఓ.సి.ఎల్.సి. దాని సభ్యులు వ్యక్తులు కారు, గ్రంథాలయాలు. ప్రపంచంలోని వేలాది గ్రంథాలయాలు తమ తమ అలమారలలో ఏ యే పుస్తకాలు ఉన్నవో ఒకే ఉమ్మడి పట్టికలో నమోదు చేసుకునే సహకార సంఘమిది. "వరల్డ్ క్యాట్" అనే ఆ పట్టికలో నేడు 50 కోట్లకు పైగా గ్రంథ వివరాలు ఉన్నాయి. ఇంతటి భాండాగారం ఏ ఒక్క ప్రభుత్వమో, ఏ ఒక్క వ్యాపార సంస్థో నిర్మించినది కాదు. సభ్యులు దినదినం చేసుకునే తమ సొంత పని నుండే ఇది పుట్టింది. ఆ కిటుకు ఏమిటో, అందులో తెలుగువారికి సంబంధించినదేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే పని వంద చోట్ల

కంప్యూటర్లు రాకముందు గ్రంథాలయంలో చిన్న చిన్న చెక్క సొరుగులు, వాటినిండా అట్టముక్కల వంటి కార్డులు ఉండేవి. ఒక పుస్తకం గ్రంథాలయానికి వచ్చిన వెంటనే గ్రంథపాలకుడు దాని కర్త, శీర్షిక, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, పుటల సంఖ్య, విషయం నిర్ణయించి కార్డు తయారుచేసేవాడు. కర్త పేరుతో వెదికేవారికి ఒక కార్డు, శీర్షికతో వెదికేవారికి ఒకటి, విషయంతో వెదికేవారికి ఒకటో రెండో, అలమారలోని వరుసను చూపేందుకు మరొకటి. ఇట్లు ఒక్కొక్క పుస్తకానికి నాలుగైదు కార్డులైనా అవసరమయ్యేవి. ఈ పనికి చదువు, ఓపిక, సమయం మూడూ కావాలి.

ఇందులో అసలు విచిత్రం వేరొకటున్నది. అదే పుస్తకాన్ని పొరుగు ఊరిలోని గ్రంథాలయం కూడా కొన్నది. అక్కడి గ్రంథపాలకుడు కూడా అదే పుటలు తిరగవేసి, అవే వివరాలు సేకరించి, అవే కార్డులు మళ్ళీ తయారుచేశాడు. ఒక రాష్ట్రంలో యాభై కళాశాలలు ఉంటే ఒకే పని యాభైసార్లు జరిగేది. ముద్రించిన కార్డులను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అమ్మేది. కాని అన్ని పుస్తకాలకూ అవి లభించేవి కావు, లభించినా ఆలస్యమయ్యేది.

1967లో ఒహాయో రాష్ట్రంలోని 54 కళాశాలలు, విశ్వవిద్యాలయాలు కలసి "ఒహాయో కాలేజ్ లైబ్రరీ సెంటర్" అనే సంఘాన్ని స్థాపించాయి. దానిని నడిపించడానికి యేల్ విశ్వవిద్యాలయపు వైద్య గ్రంథాలయంలో పనిచేసిన ఫ్రెడరిక్ కిల్గోర్ అనే గ్రంథాలయ నిపుణుని రప్పించారు. ఆయన ముందుంచుకొన్న లక్ష్యాలు రెండు. విద్యార్థి ఒక్కింటికి గ్రంథాలయంపై అయ్యే ఖర్చు ఏటేటా పెరిగే వేగాన్ని తగ్గించడం మొదటిది. ఏ ఒక్క కళాశాలలో ఉన్న గ్రంథమైనా అన్ని కళాశాలల వారికీ అందుబాటులోకి రావడం రెండవది. "ఖర్చు తగ్గిస్తాం" అని కాక "ఖర్చు పెరిగే వేగాన్ని తగ్గిస్తాం" అనడంలోనే ఆయన వాస్తవిక దృష్టి కనిపిస్తుంది. సభ్యులకు నిలబెట్టుకోగలిగిన మాట మాత్రమే ఇవ్వడం సంఘ నిర్వహణలో మొదటి సూత్రం.

కంప్యూటరుకు అర్థమయ్యే కార్డు

ఒక పుస్తకం వివరాలు కంప్యూటరుకు తెలియాలంటే ఏది కర్త పేరో, ఏది శీర్షికో దానికి గుర్తులు పెట్టి చెప్పాలి. మనిషి కార్డును చూడగానే గ్రహించే విషయాన్ని యంత్రం గ్రహించలేదు. 1960ల దశకంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఏవ్రమ్ అనే విదుషీమణి ఇందుకై "మార్క్" అనే పద్ధతిని రూపొందించారు. ప్రతి వివరానికి ముందు ఒక మూడంకెల సంఖ్య ఉంటుంది. 100 అంటే కర్త, 245 అంటే శీర్షిక. భాష ఏదైనా, దేశం ఏదైనా సంఖ్య మారదు. ఒహాయో గ్రంథాలయాలు ఈ పద్ధతినే స్వీకరించాయి.

1971 ఆగస్టు 26న ఈ ఏర్పాటు పనిచేయడం ప్రారంభించింది. ఏథెన్స్ అనే ఊరిలోని ఒహాయో విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ రోజు టెలిఫోన్ లైను ద్వారా కేంద్ర కంప్యూటరుతో సంబంధం ఏర్పరచుకొని 133 పుస్తకాలను నమోదు చేసింది. పని జరిగే తీరు సులభమైనది. గ్రంథపాలకుడు తెర ముందు కూర్చొని, తన చేతిలోని పుస్తకం వివరాలు పట్టికలో ముందే ఉన్నవేమో వెదుకుతాడు. ఉంటే "మా వద్ద కూడా ఈ పుస్తకం ఉన్నది" అని సూచించి, కార్డులు కావాలని అడుగుతాడు. లేకుంటే తానే వివరాలు చేరుస్తాడు. అవి తక్షణమే మిగిలిన సభ్యులందరికీ అందుబాటులోకి వస్తాయి. కేంద్రంలో ముద్రితమైన కార్డులు సొరుగులలో ఉంచవలసిన వరుసలోనే సర్ది టపాలో చేరేవి.

మూడక్షరాల తాళంచెవి

ఆనాటి కంప్యూటర్లకు నేటి చేతి ఫోనుకున్న జ్ఞాపకశక్తిలో అతి స్వల్ప భాగం కూడా లేదు. లక్షల వివరాలలో నుండి ఒకదానిని క్షణాలలో తీయడం ఎట్లు? కిల్గోర్, ఆయన సహచరులు దీనికి ఒక చమత్కారమైన మార్గం కనుగొన్నారు. కర్త పేరులో మొదటి మూడక్షరాలు, శీర్షికలో మొదటి మూడక్షరాలు టైపు చేస్తే చాలు.

ఉదాహరణకు గురజాడ వారి "కన్యాశుల్కం" తీసుకొందాం. రోమన్ లిపిలో గురజాడలోని మొదటి మూడక్షరాలు జి, యు, ఆర్; శీర్షికలోనివి కె, ఏ, ఎన్. ఈ ఆరు అక్షరాలే తాళంచెవి. ఆంగ్ల వర్ణమాలలో 26 అక్షరాలున్నాయి కనుక ఆరు స్థానాలలో అవి ఏర్పడగల విధాలు 26ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేన్ని, అనగా 30 కోట్ల 89 లక్షలకు పైగా. లెక్క ప్రకారం ఇన్ని తాళంచెవులుంటే ఒక్కొక్కటి ఒక్కొక్క పుస్తకాన్నే తెరవాలి. వాస్తవంలో అట్లు జరగదు. కొన్ని అక్షరాల కూర్పులు పేర్లలో పదే పదే వస్తాయి, కొన్ని ఎన్నడూ రావు. అందుచేత ఒక తాళంచెవికి కొన్ని పుస్తకాలు కలసి తగలవచ్చు. ఆ కొద్దిపాటి జాబితా నుండి కావలసినదానిని మనిషి కంటితో ఏరుకుంటాడు. యంత్రం చేయగలిగినంత యంత్రం, మనిషి చేయవలసినంత మనిషి చేయడం ఇందులోని అందం. పేరు పూర్తిగా టైపు చేయనవసరం లేదు కనుక అక్షరదోషాలకు ఆస్కారం కూడా తగ్గింది.

రుసుములోని నీతి

సాంకేతిక ఏర్పాటు ఎంత గొప్పదైనా సభ్యులు తమ వంతు పని చేయకపోతే అది ఖాళీ గిడ్డంగి. "ఎవరైనా చేరుస్తారు, నేను వాడుకొంటాను" అని అందరూ అనుకొంటే ఏమవుతుంది? తలా ఒక చెంబు పాలు పోయవలసిన చోట రాత్రి చీకట్లో అందరూ నీళ్ళే పోసిన కథ తెలుగువారికి క్రొత్త కాదు. ప్రతి సహకార సంఘానికీ ఎదురయ్యే ప్రమాదం ఇదే.

ఈ సంఘం తొలినాళ్ళలో రుసుము నిర్ణయించిన తీరులోనే దీనికి విరుగుడుండేది. ఇతరులు చేర్చిన వివరాన్ని మొదటిసారి తన పుస్తకానికి వాడుకొన్న గ్రంథాలయం అందుకు రుసుము చెల్లించవలసి ఉండేది. పట్టికలో లేని క్రొత్త వివరాన్ని తానే చేర్చిన గ్రంథాలయానికి ఆ రుసుము ఉండేది కాదు. అనగా తీసుకొనేటప్పుడు ఖర్చు, ఇచ్చేటప్పుడు ఖర్చు లేదు. పైగా తీసుకొనే ఖర్చు సొంతంగా కార్డులు తయారుచేసుకొనే ఖర్చు కన్న తక్కువగా ఉండాలి; లేకుంటే ఎవరూ రారు.

ఇంకొక మేలు దానంతటదే కలిగింది. ప్రతి గ్రంథాలయానికి మూడక్షరాల సంకేతం ఒకటి ఉంటుంది. ఒక వివరాన్ని వాడుకొన్నప్పుడల్లా ఆ సంకేతం ఆ వివరానికి చేరుతుంది. కార్డుల కోసం చేసిన ఈ పని వల్ల, ఏ పుస్తకం ఏ యే ఊళ్ళలో ఉన్నదో తెలిపే పట్టిక తయారైపోయింది. దాని ఆధారంగా 1979లో గ్రంథాలయాలు ఒకదాని నుండి మరొకటి పుస్తకాలు ఎరువు తెచ్చుకొనే ఏర్పాటు మొదలైంది. సభ్యుడు తన అవసరానికై చేసుకొన్న పనే తెలియకుండా పొరుగువానికి ఉపకారమైంది. సభ్యులను "పాల్గొనండి, పాల్గొనండి" అని వేడుకోవలసిన అగత్యం లేకుండా, పాల్గొనడమే వారి దైనందిన కార్యంగా మారడం ఈ సంఘం సాధించిన అసలు విజయం.

సభ్యత్వం పెరిగిన తీరు

54 మంది సభ్యులున్న సంఘంలో ఇద్దరిద్దరు చొప్పున ఎన్ని జంటలు ఏర్పడగలవో లెక్కిస్తే 1,431 వస్తుంది. సభ్యులు రెట్టింపై 108 అయితే జంటలు 5,778. సభ్యత్వం రెండింతలైతే పరస్పర సహాయానికి గల అవకాశాలు ఇంచుమించు నాలుగింతలౌతాయన్నమాట. అయితే ఇవి అవకాశాలు మాత్రమే. సభ్యుల మధ్య ఇచ్చిపుచ్చుకొనేది ఏదో ఒకటి ఉన్నప్పుడే అవి ఫలిస్తాయి. పేర్ల జాబితా పొడవు పెరిగినంత మాత్రాన సంఘం బలం పెరగదు.

ఒహాయో వెలుపలి గ్రంథాలయాలు కూడా ఈ ఏర్పాటులో చేరడానికి ముందుకు వచ్చాయి. వాటన్నిటికీ ఒక్క కేంద్రం నుండి తర్ఫీదు ఇవ్వడం సాధ్యం కాదు. కనుక ప్రాంతీయ సంఘాలు మధ్యవర్తులుగా నిలిచాయి. న్యూ ఇంగ్లండులో నెలినెట్, ఆగ్నేయ రాష్ట్రాలలో సోలినెట్, నైరుతిలో అమిగోస్ అటువంటివి. క్రొత్త సభ్యునికి యంత్రం వాడటం నేర్పడం, సందేహాలు తీర్చడం, లోటుపాట్లు కేంద్రానికి తెలపడం వాటి పని. ఇట్లు దూరాన ఉన్న సంస్థకు దగ్గరలో ఒక ముఖం ఏర్పడింది.

సభ్యులు పెరిగితే అధికారం ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. 1977లో నియమావళి మార్చి ఒహాయో వెలుపలి గ్రంథాలయాలకు కూడా నిర్వహణలో భాగం కల్పించారు. సభ్యుల ప్రతినిధి మండలి ఒకటి ఏర్పడి ధర్మకర్తలలో కొందరిని ఎన్నుకొనే హక్కు పొందింది. సంస్థ పేరులో నుండి "ఒహాయో కాలేజ్" అన్న మాటలు తొలగి, అవే పొడి అక్షరాలకు "ఆన్‌లైన్ కంప్యూటర్ లైబ్రరీ సెంటర్" అన్న క్రొత్త అర్థం వచ్చింది. పుట్టిన ఊరి పేరును వదులుకొని అందరి సంస్థగా మారడానికి స్థాపకులు సిద్ధపడటం గమనింపదగిన విషయం.

తప్పులు, తగవులు

పదిమంది చేతులు పడిన పనిలో తప్పులు దొర్లక మానవు. ఒకే పుస్తకాన్ని ఇద్దరు వేర్వేరుగా నమోదు చేస్తే రెండు వివరాలు తయారౌతాయి. ఒకరు ముద్రణ సంవత్సరం తప్పుగా వ్రాస్తే ఆ తప్పు వందల చోట్లకు ప్రాకుతుంది. దీనిని అరికట్టడానికి రెండు మార్గాలు అవలంబించారు. శ్రద్ధ, అనుభవం నిరూపించుకొన్న కొన్ని గ్రంథాలయాలకు ఇతరులు చేర్చిన వివరాలను సరిదిద్దే అధికారం 1980ల దశకంలో ఇవ్వడం ఒకటి. ఒకదానినొకటి పోలిన వివరాలను కంప్యూటరే పోల్చి చూచి కలిపివేసే పద్ధతి రెండవది. బాగా పనిచేసిన సభ్యునికి బహుమతిగా మరింత బాధ్యత అప్పగించడం ఇందులోని విశేషం.

తగవులు కూడా తప్పలేదు. ఉమ్మడి పట్టికలోని వివరాలను సభ్యులు ఇతరులకు ఎంతవరకు పంచవచ్చునో నిర్ణయిస్తూ 2008 నవంబరులో సంస్థ ఒక క్రొత్త విధానం ప్రకటించింది. "మేము చేర్చిన వివరాలపై మాకే ఆంక్షలా?" అని అనేక గ్రంథాలయాలు గట్టిగా ప్రతిఘటించాయి. సంస్థ ఆ విధానాన్ని 2009లో ఉపసంహరించుకొని, సభ్యుల ప్రతినిధులతో చర్చించి, 2010లో హక్కులు, బాధ్యతలు రెండింటినీ తెలిపే మరొక పత్రాన్ని తీసుకువచ్చింది. ఇట్టి వివాదాన్ని సంఘానికి అపకీర్తిగా భావించనక్కరలేదు. సంఘం తమదని తలచేవారే తగవు పడతారు. తమది కాదనుకొన్నవారు మౌనంగా తప్పుకొంటారు. నిర్వాహకులు భయపడవలసింది ప్రశ్నలకు కాదు, నిశ్శబ్దానికి.

డబ్లిన్ పేరు మోసిన పదిహేను అంశాలు

1990ల దశకంలో కంప్యూటర్ల అంతర్జాలం వ్యాపించి, గ్రంథాలయాలకు వెలుపల లక్షలాది పత్రాలు వెలువడసాగాయి. వాటన్నిటికీ నిపుణులు "మార్క్" పద్ధతిలో వివరాలు వ్రాయడం అసాధ్యం. పత్రం తయారుచేసినవారే, గ్రంథాలయ శాస్త్రం చదవకపోయినా, సులభంగా వ్రాయగల కనీస వివరాలేమిటి అన్న చర్చకై 1995 మార్చిలో డబ్లిన్‌లో ఒక సదస్సు జరిగింది. గ్రంథపాలకులు, కంప్యూటర్ శాస్త్రజ్ఞులు, పండితులు కలసి 52 మంది పాల్గొన్నారు. అక్కడ ఒప్పుకొన్న అంశాలు 13. తరువాత 15 అయినాయి. సదస్సు జరిగిన ఊరి పేరిట వీటికి "డబ్లిన్ కోర్" అన్న పేరు స్థిరపడింది. 2003లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైంది.

ఆ పదిహేను అంశాలు ఇవి: శీర్షిక, కర్త, విషయం, వివరణ, ప్రచురణకర్త, సహకర్త, తేది, రకం, రూపం, గుర్తింపు సంఖ్య, మూలం, భాష, ఇతర రచనలతో సంబంధం, దేశకాల పరిధి, హక్కులు. వీటిలో ఏదీ తప్పనిసరి కాదు. ఏదైనా ఎన్నిసార్లయినా వ్రాయవచ్చు. పని సులభమైతే చేసేవారు పెరుగుతారన్నదే ఇందులోని సూత్రం. సభ్యుల నుండి సహాయం కోరే ఏ సంఘమైనా ముందుగా ఆ సహాయాన్ని పదిహేను గళ్ళ కాగితమంత సులభం చేయాలి.

ఉమ్మడి పట్టికలో తెలుగు గ్రంథం

ఒహాయోలో పుట్టిన ఈ పట్టికలోకి తెలుగు పుస్తకం ఎట్లు చేరింది? అమెరికా తన 480వ ప్రజా చట్టం క్రింద భారతదేశానికి గోధుమల వంటి ధాన్యం అమ్మి, దాని వెలను రూపాయలలో స్వీకరించింది. ఆ రూపాయలలో కొంత భాగంతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుండి తన న్యూఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికాలోని గ్రంథాలయాలకు పంపింది. షికాగో, విస్కాన్సిన్, బర్క్‌లీ వంటి విశ్వవిద్యాలయాల అలమారలకు తెలుగు నవలలు, కావ్యాలు చేరిన మార్గాలలో ముఖ్యమైనది ఇది. ఆ తరువాత ఈ పథకం గ్రంథాలయాలు తామే డబ్బు చెల్లించి పాల్గొనే సహకార పథకంగా మారి కొనసాగుతున్నది.

పుస్తకం చేరినంత మాత్రాన పాఠకునికి దొరకదు. తొలినాటి కంప్యూటర్లకు తెలుగు లిపి రాదు. కనుక వివరాలన్నీ రోమన్ లిపిలో, దీర్ఘాలకు పైన గీత, ట, డ, ణ, ళ వంటి అక్షరాలకు క్రింద చుక్క పెట్టి వ్రాశారు. పద్ధతి శాస్త్రీయమే; కాని వెదికేవాడు గీతలు, చుక్కలు టైపు చేయడు. అవి తీసివేస్తే "కల", "కళ", "కాల" మూడూ ఒకటే అయిపోతాయి. "పాట"కు, "పాత"కు భేదం పోతుంది. "శ్రీ" అన్న ఒక్క అక్షరాన్ని రోమన్ లిపిలో మూడు నాలుగు విధాల వ్రాసేవారున్నారు.

పేర్ల చిక్కు మరొకటి. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత; అమెరికా కార్డుకు ఈ వరుస తిరగబడుతుంది. పైగా కలం పేర్లు. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒకరేనని, చలం, గుడిపాటి వెంకటాచలం ఒకరేనని కంప్యూటరుకు ఎవరో ఒకరు చెప్పాలి. ఇందుకై గ్రంథాలయాలు ప్రతి కర్తకు ఒక ప్రామాణిక నామాన్ని నిర్ణయించి, మిగిలిన పేర్లన్నీ దానికి ముడిపెడతాయి. ఈ ముడి వేయడానికి యంత్ర పరిజ్ఞానం చాలదు. తెలుగు సాహిత్యం తెలిసిన మనిషి కావాలి.

లిపి సమస్యకు పరిష్కారం చూపినది మరొక సభ్యత్వ సంస్థే కావడం విశేషం. కంప్యూటర్ సంస్థలు సభ్యులుగా 1991లో నమోదైన యూనికోడ్ కన్సార్టియం ప్రపంచ లిపులలోని ప్రతి అక్షరానికి ఒక సంఖ్య కేటాయించింది. ఆ సంవత్సరం వెలువడిన తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు లభించాయి. అందులో "ల" సంఖ్య 3122, "ళ" సంఖ్య 3123. కలకు, కళకు భేదం ఇక చుక్కపై ఆధారపడదు. నేడు ఉమ్మడి పట్టికలో తెలుగు లిపిలోనే శీర్షిక చేర్చడం సాధ్యం. అయినా ఎన్నో తెలుగు గ్రంథాల వివరాలు నేటికీ రోమన్ లిపిలోనే ఉన్నాయి. సాంకేతిక అవరోధం తొలగింది. ఇక మిగిలినది మనుషుల పని.

బెజవాడలో ఇదే బాట

సభ్యుల శ్రమతో గ్రంథాలయాలను ఒకటిగా కూర్చడం తెలుగువారికి పరాయి భావన కాదు. 1914 ఏప్రిల్‌లో, అనగా కిల్గోర్ జన్మించిన సంవత్సరంలోనే, అయ్యంకి వెంకటరమణయ్య కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఒక సంఘంగా ఏర్పడినారు. ఊరూరా వెలసిన చిన్న చిన్న గ్రంథాలయాలు అప్పటి వరకు ఒకదాని ఉనికి మరొకదానికి తెలియక వేర్వేరుగా ఉండేవి. 1915లో ప్రారంభమైన "గ్రంథాలయ సర్వస్వం" పత్రిక ఆ సంఘానికి నేటి భాషలో సమాచార సాధనం. 1930ల దశకంలో పాతూరి నాగభూషణం ప్రోత్సాహంతో గుంటూరు మండలంలోని పెదపాలెం కేంద్రంగా కాలువపై పడవ గ్రంథాలయం నడిచింది. టెలిఫోన్ లైను లేని కాలంలో కాలువే లైను, పడవే యంత్రం. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని రేవుకు వెళ్ళింది. సాధనాలు మారినా సూత్రం ఒక్కటే: సభ్యుడు ఉన్న చోటికి పని చేరాలి, ఆ పని పదిమందికి ఉపకరించాలి.

తెలుగు సంఘాలు చేయదగినది

అమెరికాలో తెలుగు సంఘాలు 1970ల దశకం ఆరంభం నుండి ఉన్నాయి. సాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతపు తెలుగు సంఘం ఆ దశకపు ఆరంభంలోనే ఏర్పడింది; 1977లో న్యూయార్కులో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తొలి మహాసభ జరిగింది. ఈ అర్ధ శతాబ్దంలో ఎన్ని సంఘాలు, ఎన్ని ప్రత్యేక సంచికలు! వాటిలో కథలున్నాయి, శాస్త్ర వ్యాసాలున్నాయి, వలస వచ్చిన తొలి తరం ఆశలు, బెంగలు ఉన్నాయి. ఒక సమాజపు చరిత్రకు ఇంతకన్న మంచి ఆధారాలు ఉండబోవు. కాని ఉత్సవం ముగిసిన తరువాత ఈ సంచికలు ఇంటి నేలమాళిగలలోని అట్టపెట్టెలకు చేరుతాయి. ఇల్లు మారినప్పుడో, పెద్దవారు గతించినప్పుడో ఆ పెట్టెలు చెత్తలోకి పోతాయి. పట్టికలో నమోదు కాని సంచిక, పరిశోధకుని దృష్టిలో అచ్చుకాని సంచికతో సమానం.

డబ్లిన్ సంఘం చూపిన మార్గంలో దీనికి చేయదగిన పని స్పష్టంగానే ఉన్నది. మొదట, ఇంటింటా ఉన్న సంచికల జాబితా. ఒక్కొక్క సంచికకు పైన చెప్పిన పదిహేను అంశాలు ఒక కాగితంపై తెలుగు లిపిలోనే నింపడానికి అరగంట పట్టదు. సంఘం పేరు, ప్రచురణ స్థలం, సంవత్సరం, సంపాదకుడు, పుటల సంఖ్య, అందులోని రచనల శీర్షికలు, రచయితల ఇంటిపేర్లు, కలం పేర్లు వ్రాస్తే చాలు. వేదికపై పాడలేనివారు, విందు ఏర్పాట్లకు తిరగలేని వృద్ధులు కూడా ఈ పనిలో అందరికన్న ముందుండగలరు. ఏ కలం పేరు వెనుక ఎవరున్నారో జ్ఞాపకం ఉన్నది వారికే.

రెండవది, వరుసగా వెలువడే పత్రికలకు ఇచ్చే ఎనిమిది స్థానాల అంతర్జాతీయ సంఖ్య. అమెరికాలో ప్రచురితమయ్యే వార్షిక సంచికలకు దీనిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని కేంద్రం రుసుము లేకుండా ఇస్తుంది. ఇందులో చివరి స్థానం మిగిలిన ఏడింటిని తనిఖీ చేసే కాపలాదారు. "నేచర్" అనే శాస్త్ర పత్రిక సంఖ్య 0028-0836 చూడండి. మొదటి ఏడంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2 చేత గుణించి కూడితే 82 వస్తుంది. దానిని 11 చేత భాగిస్తే శేషం 5. 11 నుండి 5 తీసివేస్తే 6. అదే చివరి అంకె. ఎవరైనా ఒక అంకె తప్పుగా వ్రాస్తే లెక్క కుదరక తప్పు వెంటనే బయటపడుతుంది.

మూడవది, సంచిక ప్రతులను దక్షిణాసియా గ్రంథాలు సేకరించే విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు ముందుగా సంప్రదించి అందజేయడం. అక్కడి నిపుణులకు సంచికతో పాటు నింపిన పదిహేను గళ్ళ కాగితం కూడా చేరితే వారి శ్రమ సగం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. సంచికల వివరాలు వేరు, సభ్యుల వివరాలు వేరు. పుస్తకం ఎక్కడ ఉన్నదో ప్రపంచమంతా తెలిస్తే మేలు. సభ్యుని ఇంటి చిరునామా, ఫోను సంఖ్య ప్రపంచమంతా తెలిస్తే కీడు. సభ్యుల అనుమతి లేనిదే వారి సమాచారాన్ని సంఘాలు ఎవరికీ అందజేయరాదు. నమ్మకం ఒకసారి చెదిరితే దానిని తిరిగి కూర్చగల యంత్రం ఏదీ లేదు.

ఓ.సి.ఎల్.సి. తన చివరి ముద్రిత కార్డులను 2015 అక్టోబరు 1న వెలువరించింది. అప్పటికి అది ముద్రించిన కార్డులు 190 కోట్లకు పైగా. ఏ వస్తువు కోసం సంఘం పుట్టిందో ఆ వస్తువే కాలగర్భంలో కలిసిపోయింది. సంఘం మాత్రం నిలిచింది. కార్డులు పోయినా, ఒకరి పని మరొకరికి అవసరమన్న బంధం పోలేదు. ఫ్రెడరిక్ కిల్గోర్ 2006లో కన్నుమూశారు. డబ్లిన్‌లో ఆ కార్యాలయం ఉన్న వీథికి ఆయన పేరే ఉన్నది. తెలుగు సంఘాల ఉత్సవాల రూపం కూడా రేపు మారవచ్చు. సభ్యుడు చందాతో పాటు తన వంతు అరగంట శ్రమను కూడా చెల్లించే ఏర్పాటు ఉన్న సంఘం, ఆ మార్పులన్నిటినీ దాటి నిలుస్తుంది.